నోరు మూసుకున్న నీళ్లు

మయూరి ఎన్‌క్లేవ్‌లో లిఫ్టు ఎవరూ పిలవకుండానే సెల్లార్‌లోకి దిగిపోతోందని కంప్లయింటు వచ్చింది. ఊరికే దిగడం కాదు. దిగి, తలుపులు తెరుచుకుని, ఎవరో ఎక్కేదాకా ఆగినట్టు ఆగి, మళ్లీ మూసుకుని ఖాళీగా పైకి పోతోందట. నాలుగో అంతస్తు రాధికగారికి మోకాళ్ల నొప్పులు. అయినా సరే, చస్తే ఆ పెట్టెలో కాలు పెట్టనని మెట్లే ఎక్కి దిగుతున్నారు. "దెయ్యం ఎక్కితే దాని దగ్గరా మెయింటెనెన్స్ వసూలు చేద్దాం" అని అసోసియేషన్ ప్రెసిడెంటు నరసరాజుగారు హాస్యమాడారు గాని, ఆయన కూడా మెట్ల మీదే కనిపిస్తున్నారని వాచ్‌మన్ నతానియేల్ నవ్వుతూ చెప్పాడు.

బాబ్జీకి దెయ్యాల మీద నమ్మకం లేదు. లిఫ్టు మెకానిక్‌గా అతను చూసిన దెయ్యాలన్నీ తడి దెయ్యాలే. బటన్ పెట్టెలోకి చెమ్మ చేరితే చాలు, వేలు పడకుండానే వైరూ వైరూ కలిసి లిఫ్టుని పిలిచేస్తాయి. అందుకే సోమవారం మధ్యాహ్నం వచ్చీ రాగానే లిఫ్టు మెయిన్ స్విచ్చి దించేశాడు. సెల్లార్‌లో లిఫ్టు తలుపు తెరిచి, నిచ్చెన వేసుకుని, లిఫ్టు కింద ఉండే గుంతలోకి దిగాడు. నతానియేల్ పైనుంచి టార్చి పట్టుకున్నాడు.

"నీళ్లున్నయా అన్నా?"

"ఉన్నాయి, మడమల దాకా. వాన పడిందా ఇటు?"

"యాడిది? మొన్నటి సంది చుక్క లేదు. అయినా లోపల్కి ఎట్లొస్తయి, చుట్టూ సిమెంటే గదా!"

బాబ్జీ దోసిలితో తీసి చూశాడు. లిఫ్టు గుంతలో చేరే నీళ్లెప్పుడూ గ్రీజు తెట్టు కట్టి నల్లగా ఉంటాయి. ఇవి తేటగా ఉన్నాయి. కుండలో నీళ్లలా చల్లగా ఉన్నాయి. గోడ పగుల్లోంచి తడిమట్టి వాసనతో సన్నటి గాలి వచ్చి అతని మెడకి తగులుతోంది, ఆగుతోంది, మళ్లీ తగులుతోంది. టార్చి వెలుగులో గుంత అడుగున ఉండే స్ప్రింగు పక్కన ఏదో చివుక్కున కదిలింది. వేలెడంత కొరమీను పిల్ల.

అతను బెస్తవాళ్ల పిల్లవాడు. పుట్టింది భీమిలి అవతల సముద్రం ఒడ్డున. దారి లేకుండా చేప రాదని ఎవరూ అతనికి చెప్పక్కర్లేదు. సికిందరాబాదు నడిబొడ్డున, అయిదంతస్తుల భవనం కింద, సిమెంటు గుంతలోకి దీనికి దారెక్కడిది?

మోటారు బేరింగు బాగుందో లేదో చూడాలంటే పొడవాటి స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు. మెకానిక్కులందరికీ ఉన్న అలవాటే. బాబ్జీకి మాత్రం అది అయ్య దగ్గర వచ్చింది. వేటకెళ్లినప్పుడు వాళ్లయ్య దేముడుబాబు తెడ్డు నీళ్లలో దించి, రెండో కొస చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఆ కాసేపూ పడవలో ఎవరూ దగ్గకూడదు. ఇప్పుడు బాబ్జీ అలాగే స్క్రూడ్రైవరుని నీళ్లలోంచి గుంత అడుగుకి ఆనించాడు. చెవి పెట్టాడు.

నడక వినిపించింది. ఒకరిది కాదు, ఒక జనానిది. తడి ఇసుకలో వట్టి కాళ్లతో, అందరూ ఒకే వైపు, గుసగుసగా మాట్లాడుకుంటూ పోతున్నట్టుంది.

"వినవడ్డదా బిడ్డా?"

ఆ మాట సరిగ్గా తల దగ్గరే వినిపించేసరికి బాబ్జీ చేతిలో స్క్రూడ్రైవరు జారి నీళ్లలో పడింది. తీరా చూస్తే గుంతకి ఆనుకునే ఉన్న వాచ్‌మన్ గదిలోంచి నతానియేల్ తల్లి కమలాబాయి అడుగుతోంది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆమె మంచం గోడ వారనే. గోడకి ఇవతల గుంత, అవతల ఆమె తల.

గదిలో నతానియేల్ భార్య ప్రిసిల్లా ఫ్లాటువాళ్ల జాకెట్లు కుడుతోంది. బాబ్జీ తడి కాళ్లతో గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంటమ్మా అది?"

"ఏందేంది? నాలా. ఈ బిల్డింగు లేనప్పుడు మా గుడిసెలు దాని ఒడ్డుకే ఉంటుండె. దాన్ని మీద కప్పిన్రు గానీ పోవుడు మానిందా? గట్ల మీ చిలకలగూడ దిక్కు పోతనే ఉంటది. దాని సప్పుడు లేంది నాకు నిద్రే రాదు." కమలాబాయి గోడ మీద అరచెయ్యి ఆనించింది, పక్కన పడుకున్న పసిపిల్ల మీద వేసినట్టు. "ఎన్కట మిరుగం కార్తె రాకముందే ఇంటికొక్కరు పార వట్కొని పోవాలె. ఉన్నోడా లేనోడా అని లేదు. నోరు తీసుడు అంటుంటిమి. పూడికంత ఎత్తిపోసి, గట్టుకు పసుపు రాసి, నీ తొవ్వ నీకిడిసినం, మా తొవ్వ మాకిడువు అని మొక్కుతుంటిమి. రానోని ఇంటికి నిప్పు సుత ఇయ్యకపోతుండ్రి."

"ఇప్పుడా నోరు ఎక్కడుంది?"

"బిల్డింగు ఎన్క, జెనరేటర్ కింద" అన్నాడు నతానియేల్. "రాజుగారు మొన్న ఎండాకాలం దిమ్మె కట్టిచ్చిండ్రు గదా. దాని కిందనే."

బాబ్జీకి భయం వేసింది. రెండు రోజుల్లో పెద్ద వానలని టీవీలో చెబుతున్నారు. సెల్లార్ మొత్తంలో మనుషులుండే గది ఇదొక్కటే. అందులో లేవలేని మనిషి ఒకతి.

బాబ్జీ వెళ్లి, నతానియేల్ వాళ్లని పైకి మార్చమని అడిగితే నరసరాజుగారు సోఫాలో కూర్చుని విన్నంతసేపూ విన్నారు. భీమవరం నుంచి వచ్చి ఈ ఊళ్లో టైల్స్ వ్యాపారంలో నిలదొక్కుకున్న మనిషి. గొంతెత్తకుండానే మనిషిని తగ్గించగలరు. "ఏవయ్యా బాబ్జీ, లిఫ్టు బాగుచెయ్యమంటే సోది చెబుతున్నావేంటి? వాచ్‌మన్ పైకెళ్లి కూర్చుంటే గేటు నువ్వు తీస్తావా?"

"వాన తగ్గేదాకా సార్. పైన సామాన్ల గది ఖాళీయే కదా."

"సరే. నీ మాట మీద ఇస్తున్నాను. రెండ్రోజులు చూస్తాను. ఏమీ జరగలేదనుకో, ఇహ వాచ్‌మన్ నాకు ఇలాంటి కబుర్లు చెప్పకూడదు. చెబితే వేరే మనిషిని చూసుకుంటాం."

ప్లాస్టిక్ కుర్చీలో కమలాబాయిని కూర్చోబెట్టి, చీరతో కట్టి, బాబ్జీ ముందు, నతానియేల్ వెనక పట్టుకుని మెట్లెక్కించారు. ప్రతి మలుపులోనూ ఆమె అరిచింది. "అరే, నన్ను యాడికి కొంటవోతుండ్రురా, బతికున్ననే ఇంకా!" తలుపు సందుల్లోంచి ఫ్లాటువాళ్లు వింత చూశారు.

*

మంగళవారం వాన పడింది. మామూలు వానే. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్లు పారి, సాయంత్రానికి తీసేశాయి. సెల్లార్‌లోకి చుక్క రాలేదు. బుధవారం పొద్దున్నకి గేటు దగ్గర మనిషి లేక ఎవరో స్కూటర్‌లో పెట్రోలు తీసుకుపోయారు. ఇక చూసుకోండి! వాట్సాప్ గ్రూపులో నతానియేల్‌ని దులిపేశారు. వాచ్‌మన్‌కి పెంట్‌హౌస్ ఇచ్చారా అని ఒకరు, లిఫ్టు కంపెనీవాడికి వాతావరణ శాఖ ఎప్పుడిచ్చారు అని ఒకరు.

గురువారం పొద్దున బాబ్జీ వచ్చేసరికి నతానియేల్ ముఖం మాడిపోయి ఉంది. "అన్నా, నీ వల్ల నేను మస్తు పరేషాన్ అయితున్న. ఏదో ఒకటి జెర ఖరాఖండీగా చెప్పు. ఉండాల్నా, దిగాల్నా?"

బాబ్జీ గుంతలోకి దిగాడు. నీళ్లు మడమల దగ్గరే ఉన్నాయి, పెరగలేదు. చేప కనబడలేదు. స్క్రూడ్రైవరు అడుక్కి ఆనించి చెవి పెట్టాడు.

ఏమీ లేదు.

చోటు మార్చాడు. గోడకి పెట్టాడు, మూలకి పెట్టాడు. నడకా లేదు, గుసగుసా లేదు. మెడకి తగిలే ఆ గాలి కూడా లేదు. తన రక్తం చప్పుడే తనకి వినిపించేంత నిశ్శబ్దం. హమ్మయ్య అనుకున్నాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. నీళ్లన్నీ పోయాయన్నమాట. అనవసరంగా నలుగురి నోళ్లలో నానామే గాని ఏ గొడవా లేదు.

"తగ్గిపోయింది నతానియేలూ. దిగిపొండి" అన్నాడు.

బటన్ పెట్టె విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించాడు. మెయిన్ ఎత్తాడు. కమలాబాయిని ఈసారి లిఫ్టులోనే దించారు. సెల్లార్ బటన్ బాబ్జీయే నొక్కాడు. కిందకి వస్తుంటే కొడుకు సంతోషంగా చెప్పాడు తల్లికి, సప్పుడు ఆగిపోయిందని.

ఆమె సంతోషించలేదు. బాబ్జీ ముఖంలోకి చూసింది. "నడుస్తలేదా?"

"లేదమ్మా. అస్సల్లేదు."

"మరి యాడికి వోయింది?"

బాబ్జీ నవ్వాడు. ముసలివాళ్ల మాటలు అంతే అనుకున్నాడు. మంచం మీద పడుకోబెడితే ఆమె గోడ వైపు తిరిగి, అరచెయ్యి ఆనించింది.

*

చిలకలగూడలో వాళ్లది కింది వాటా. రోడ్డు మీంచి రెండు మెట్లు దిగితే ఇల్లు. బాబ్జీ అన్నానికి వచ్చేసరికి తల్లి గంగాదేవి వాకిట్లో కుళాయి కింద బిందె పెట్టి, పైపు దాని మెడలోకి దించి, నీళ్లు పడుతోంది. ఆమెకి ఈ ఊరొచ్చినా ఆ యాస పోలేదు. పోగొట్టుకోవాలన్న కోరికా లేదు.

"ఏట్రా, మొకం ఎలిగిపోతంది?"

చెప్పాడు. చేప సంగతీ, నడక సంగతీ ముందే చెప్పి ఉన్నాడు. ఇప్పుడు చప్పుడు ఆగిపోయిందనీ, వాళ్లని తనే కిందకి దించి వచ్చాననీ చెప్పాడు. నాలుగు రోజుల తర్వాత కడుపు నిండా తినాలనిపిస్తోందన్నాడు.

గంగాదేవి ముఖంలో నవ్వు పోయింది. "ఆగిపోనాదా? మెల్లగా తగ్గిందా, ఒక్కపాలే ఆగిపోనాదా?"

"మొన్న వింటే ఉంది, ఇవాళ వింటే లేదు."

"మీ అయ్య తెడ్డు చెవికి పెట్టీవోడు కదా. సప్పుడు ఇనబడితే ఏటి సేసీవోడు?"

"వల వేసేవాడు."

"ఇనబడకపోతేనో?"

బాబ్జీకి గుర్తొచ్చింది. చెవి దగ్గర్నుంచి తెడ్డు తీసి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, పడవని ఒడ్డుకి తిప్పేసేవాడు. వేట పోయిందని కుర్రాళ్లు సణిగేవాళ్లు.

"కేకలేసే సంద్రం అన్నం పెడతాదిరా. నోరు మూసుకున్న సంద్రానికి బయపడాల" అంది గంగాదేవి. "సంద్రం సంగతి అలగుంచు. ఇటు సూడు."

బిందెలో నీళ్లు బుడబుడమంటున్నాయి. చూస్తుండగానే చప్పుడు సన్నబడింది, ఇంకా సన్నబడింది. నీళ్లు మెడ దాకా వచ్చి పైపు నోరు మునిగిపోయాక అసలు లేదు. కుళాయి తిప్పే ఉంది. నీళ్లు వస్తూనే ఉన్నాయి. బిందె అంచు మీంచి చడీచప్పుడూ లేకుండా నేల మీదకి జారుతున్నాయి.

"కాళీ ఉన్నంతసేపే దీనికి మాటలు" అంది ఆమె. "నీ నాలా ఎక్కడికీ ఎల్లనేదురా నాయినా. నిండిపోనాది. కింద ఎక్కడో దారి మూసుకుపోనాది. ఇంకొక్క వాన పడితే అది పైకే రావాల."

అప్పటికే వీధిలో వెలుతురు పసుపు రంగుకి తిరిగింది. మధ్యాహ్నం పూట దుకాణాల్లో లైట్లు వేస్తున్నారు. మొదటి చినుకు బాబ్జీ చేతి మీద పడింది, రూపాయి బిళ్లంత.

"తినీసి ఎల్లు" అని ఆమె అనలేదు. ఎప్పుడూ అనే మనిషి. "బేగి ఎల్లు" అంది.

*

నతానియేల్ ఫోను కలవలేదు. సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు. రోడ్డు ఎగువకి, నీళ్లు దిగువకి. బాబ్జీ బండి నడిమధ్యలో ఆగిపోతే కాలవలా పారుతున్న వీధిలో దాన్ని వదిలేసి పరుగెత్తాడు. నేనే దించాను, నా వేలితోనే దించాను అన్న మాట తప్ప అతని తలలో ఇంకేమీ లేదు.

మయూరి ఎన్‌క్లేవ్ ర్యాంపు దిగేసరికి సెల్లార్ పొడిగా ఉంది. కార్లు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. లిఫ్టు మాత్రం తలుపులు తెరుచుకుంటోంది, ఆగుతోంది, మూసుకుంటోంది. మళ్లీ తెరుచుకుంటోంది. లోపల ఎవరూ లేరు. దాని చుట్టూ గోడకి నత్తలు. పదీ పరకా కాదు, గోడంతా నత్తలే, అన్నీ ఒకే దిక్కుగా పైకి పాకుతున్నాయి. బాబ్జీ వెళ్లి మెయిన్ దించేశాడు. లిఫ్టు లైటు ఆరి అటంతా చీకటైంది.

"ఎవర్రా అది?" ప్రిసిల్లా కుట్టుమిషను ఆగింది.

"నేనే చెల్లెమ్మా. లెండి. అమ్మని పైకి తీసుకెళ్దాం. ఇప్పుడే."

నతానియేల్ గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు, వెనకే నరసరాజుగారు. "మళ్లీ మొదలెట్టావా?" అన్నారాయన. నతానియేల్‌కి కోపం వచ్చింది, బాబ్జీ మీదే. "పొద్దుగాల దిగుమన్నవ్, ఇప్పుడు ఎక్కుమంటవ్. తమాషా చేస్తున్నవా అన్నా? నా నౌకరీ పోతది!"

అన్నిటికంటే గట్టిగా కాదన్నది కమలాబాయి. మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుంది. "నేను రాను. బొమ్మనా నేను, ఎక్కిచ్చుడు దించుడు? ఏం లేదని నువ్వే చెప్తివి గదా. సచ్చినా ఈడనే సస్త."

ఆమెని వాదించి లేపలేమని బాబ్జీకి అర్థమైంది. బలవంతాన లాగితే ఆ తుంటి ఏమవుతుందో తెలియదు. అతను మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. "తప్పు చెప్పానమ్మా. విన్నాను గాని తప్పు విన్నాను. నువ్వు విను. నీకంటే దాని సంగతి ఎవరికి తెలుసు?"

స్క్రూడ్రైవరు మొన నేలకి ఆనించి, పిడి ఆమె చెవి దగ్గర పెట్టాడు. కమలాబాయి కళ్లు మూసుకుంది. గదిలో ఎవరూ దగ్గలేదు. పైన వాన హోరు, కింద ఏమీ లేదు. ఆమె ముఖం మెల్లగా ముడుచుకుంది, తెలిసిన మనిషి పలకరించకుండా వెళ్లిపోతే చిన్నబోయినట్టు.

"సచ్చిపోయిందా ఏంది?" అంది గుసగుసగా.

"లేదమ్మా. నిండింది."

ఆమె కళ్లు తెరిచింది. కొడుకు వైపు చూసింది. "ఓ నతానియేలూ! గా కుర్చీ తే! చూసుకుంట నిలవడ్డవేందిరా? దానికి తొవ్వ దొరుకుతలేదు, మన ఇంట్లకే వస్తది!"

ఇంతకు ముందు అరిచి గీపెట్టిన మనిషి, ఈసారి మెట్ల మీద ఎంత కుదిపినా పెదవి కొరుక్కుందే గాని మూలగలేదు. ప్రిసిల్లా మిషను తల విప్పి ఒళ్లో పెట్టుకుని వెనకే ఎక్కింది. మొదటి మలుపులో బాబ్జీ వెనక్కి తిరిగి చూశాడు.

నరసరాజుగారు సెల్ టార్చి పట్టుకుని ఇంకా కిందే నిలబడి ఉన్నారు. లిఫ్టు తలుపుల సందులోంచి నీళ్లు వస్తున్నాయి. ఉరకడం లేదు, ఎగరడం లేదు. తేటగా, తీరుబాటుగా, ఎవరింట్లోకో కాదు తనింట్లోకే వస్తున్నట్టు వచ్చి, కార్ల కిందికి వెళ్లి, వాచ్‌మన్ గది గడప దాటాయి. ఆయన బూట్లు మునిగాయి. ఆయన కదల్లేదు. "రాజుగారూ!" అని బాబ్జీ అరిస్తే అప్పుడు కదిలి, గోడలు పట్టుకుంటూ మెట్లెక్కారు. వాళ్లు మూడో అంతస్తు చేరేసరికి మంచం తేలి గుమ్మానికి కొట్టుకుంటున్న చప్పుడు కింద నుంచి వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

*

మర్నాడు వాన తెరిపిచ్చింది. నరసరాజుగారి కారు ఇంకా నీళ్లలోనే ఉంది. ఆయన రాత్రంతా పడుకోలేదని కళ్లే చెబుతున్నాయి. పంపులకి ఫోన్లు చేసి చేసి విసిగి, చివరికి పై గదిలోకి, కమలాబాయి దగ్గరికి వచ్చారు.

"సరిగ్గా ఎక్కడమ్మా ఆ నోరు?"

"నన్ను ఆడికి తీస్కపోరి. చూపిస్త. గానీ ఇంటికొక్కరు రావాలె. కూలోళ్లను వెడితే నేను చూపియ్య."

ఫ్లాటుకి ఒకరు వచ్చారు. కొందరికి గునపం ఎటు పట్టుకోవాలో తెలియదు. రాధికగారు మోకాళ్ల నొప్పులతోనే వచ్చి ఇటుక ముక్కలు అందించారు. జెనరేటర్ పక్కకి జరిగింది, దిమ్మె పగిలింది. దాని కింద రాతి తూము, తూముకి అడ్డంగా సిమెంటు గడ్డలు, బస్తాలు, చెట్ల వేళ్లు. మధ్యాహ్నానికి అవి తీశారో లేదో, తూము గుడగుడమని ఒక్క పెద్ద గుటక మింగింది, నీళ్లు దారి పట్టాయి. సెల్లార్ గోడ మీద తడి గీత కిందికి జారడం కంటికి కనిపించింది. జనం చప్పట్లు కొట్టారు. కమలాబాయి మాత్రం కుర్చీలోంచి వంగి, ఎవరో తెచ్చిచ్చిన పసుపు తూము రాతికి రాసి, పెదవులు కదిపింది. "పై గది ఉంచుకోండి, ప్రస్తుతానికి" అన్నారు నరసరాజుగారు నతానియేల్‌తో. ఆ ప్రస్తుతానికి ఎన్నాళ్లో ఆయనకే తెలియాలి.

బాబ్జీ స్క్రూడ్రైవరు తూము రాతికి ఆనించి విన్నాడు. నడక! ఒక జనం కాదు, పది జనాలు, పరుగు మీద. అతనికి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆగిపోయిన బండి నెట్టుకుంటూ, ఈల వేసుకుంటూ, దిగువకి ఇంటి దారి పట్టాడు. కాళ్ల కింద రోడ్డు అడుగున ఆ పరుగు తనతో పాటే వస్తోందని అతనికి తోచలేదు.

ఇంటి ముందు మెట్ల మీద బట్టల మూట, గ్యాసు పొయ్యి, అయ్య ఫొటో పెట్టి ఉన్నాయి. లోపల గంగాదేవి నేల మీద మోకరించి, రోకలి నిలబెట్టి, దాని కొసకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని ఉంది.

"అమ్మా, తూము తీశాం! అందరూ బాగున్నారు. నీళ్లన్నీ పోయాయి."

ఆమె కళ్లు తెరవలేదు. దగ్గవద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఎక్కడికి పోనాయిరా?" అంది. "ఇందాకటిదాకా మనింటి కింద ఒకటే పరుగులు. ఒకటే మాటలు. ఇప్పుడే ఆగిపోనాయి."

బాబ్జీ వంగి గచ్చు మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. తర్వాత లేచి, మూల ఉన్న పార తీసుకుని, పక్కవాటా తలుపు కొట్టాడు. దాని పక్క తలుపు కొట్టాడు. వీధంతా కొట్టుకుంటూ పోయాడు. "ఇంటికొక్కరు రండి! ఇక్కడి నోరు ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?"

తలుపులు తెరిచినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ తెలియదు.